బతికున్నవాడి చావు కాగితం

"పిన్ని ఊరికి పోరా. ఒక్క వారం. యాపిల్స్ కోసే రోజులు కదా, నీ చేతిసాయం కావాలని మొన్న కూడా అడిగింది," అంది వెలిచ్కా.

పొద్దుటి నుంచి ఆ మాట ఎన్నిసార్లు అందో ఆమెకే తెలీదు. బాల్కనీలో కరెంటు పొయ్యి మీద లావాటి ఎర్ర మిరపకాయలు చిటపటమంటున్నాయి. ఆ భవనంలో అన్ని బాల్కనీల నుంచీ అదే వాసన. ఎవరు చచ్చినా, ఎవరు గెలిచినా, శీతాకాలం రాకముందే పచ్చడి సీసాలు నింపుకోవాలి.

కాలిన్ కదల్లేదు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని కాల్చిన కాయలకు తొక్క తీస్తున్నాడు. ఇరవయ్యేడేళ్ళ మగాడు, అచ్చాఫీసులో పనివాడు. తల్లి కళ్ళకు మాత్రం ఆ వీపు ఇంకా బడికి పోయే పిల్లాడి వీపులాగే కనిపిస్తుంది.

"నేను పారిపోతే తప్పు చేసినట్టే అవుతుందమ్మా."

"తప్పు చెయ్యనివాడు పారిపోనక్కర్లేదని ఎవరు చెప్పార్రా నీకు? మీ నాన్నని అడుగు."

మీ నాన్న అన్న మాట విన్నా దోబ్రి తలెత్తలేదు. బాల్కనీ తలుపు పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, చిన్న చాకుతో గింజలు తీస్తున్నాడు. పెళ్ళికి ముందెప్పుడో ఆయన్ని రెండేళ్ళు ద్వీపానికి పంపారు. నది మధ్యలోని ఆ నిర్బంధ శిబిరానికి అక్కడివాళ్ళు వేరే పేరు వాడరు. అక్కడి నుంచి వచ్చాక ఆయన మాటల్ని రేషన్ మీద వాడుతున్నాడు. ఏదో జోకు మూలంగా పంపారని ఊరంతా అంటుంది. ఆ జోకేమిటో వెలిచ్కాకు తెలియదు. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆయన బయటికి నవ్విన చప్పుడు కూడా ఆమె వినలేదు.

"నేను ఎవర్నీ చంపలేదు," అన్నాడు కాలిన్.

"చంపినా ఇంత భయం ఉండేది కాదు. చంపితే పోలీసులొస్తారు, తీసుకుపోతారు, ఎక్కడున్నావో తెలుస్తుంది. మూట కట్టుకుని జైలుకు వచ్చి నిన్ను చూసుకుంటాను. నిన్న అచ్చాఫీసుకు వచ్చినవాళ్ళు పోలీసులు కారు."

నిన్న వచ్చినవాళ్ళు తోలు జాకెట్ల మనుషులు ఇద్దరు. మెడలు లేవు, తలలు నేరుగా భుజాల మీదే ఉన్నాయి. కాలిన్ అప్పుడు భోజనానికి బయటికెళ్ళాడు. వాళ్ళు ఎవర్నీ ఏమీ అనలేదు. అచ్చు యంత్రం మీద చెయ్యి వేసి, "బాగా పనిచేస్తుందా?" అని అడిగి వెళ్ళిపోయారు. అది విన్నప్పటి నుంచి వెలిచ్కా కళ్ళ ముందు కొడుకు చెయ్యి ఆ యంత్రంలోనే ఉంది.

ఇదంతా ఒక్క కాగితం తెచ్చిన తంటా.

ఆ పట్టణంలో మనిషి పోతే నల్ల అంచుతో కాగితం అచ్చు వేయించి తలుపులకీ, స్తంభాలకీ, బస్టాపులకీ అంటిస్తారు. ఫొటో, పేరు, కింద నాలుగు మాటలు. అవి అచ్చు వేసేది కాలినే. రోజూ చచ్చినవాళ్ళకు వేసే చేతులతో పోయిన శుక్రవారం ఒక బతికున్నవాడికి వేశాడు. గెంచో కరాజోవ్‌కి. ఒకప్పటి జిల్లా పార్టీ కార్యదర్శికి, ఇప్పటి కంపెనీ ఛైర్మన్‌కి, ఈ నెలాఖరులో మేయరు పదవికి నిలబడుతున్న పెద్దమనిషికి.

'తీరని ఆనందంతో తెలియజేయునది,' అని మొదలుపెట్టాడు. 'ఇన్నేళ్ళూ మన తరఫున ఆలోచించి, మన తరఫున తిని, మన తరఫున సముద్రతీరంలో విశ్రాంతి తీసుకున్న గెంచో కరాజోవ్ ఒక ఆదివారం రాత్రి పార్టీ కార్డుతో సహా కాలధర్మం చెంది, సోమవారం ఉదయం అదే కోటులో కంపెనీ యజమానిగా పునర్జన్మ ఎత్తారు. వారి ఆత్మ కోసం ఎవరూ ప్రార్థించనక్కరలేదు. దాన్ని ముందే ప్రైవేటుకు అమ్మేశారు.'

జనం చదివి నవ్వుతారనుకున్నాడు కాలిన్. జనం చదవలేదు. నలభై అయిదేళ్ళు పార్టీ పత్రికలు చూసిన జనం. అచ్చులో ఉన్నది చదవనక్కర్లేదని, బొమ్మ ఎవరిది, అంచు ఏ రంగు అని చూస్తే సరిపోతుందని వాళ్ళకు ఎప్పుడో అలవాటైంది. ఫొటో చూశారు, నల్ల అంచు చూశారు, నిట్టూర్చి బస్సెక్కారు. మర్నాటికి పట్టణమంతటికీ కరాజోవ్ పోయాడు.

అంతవరకూ కూడా ఏదోలా సర్దుకునేదే. కానీ కరాజోవ్ కొండ మీది కొత్త ఇంట్లో ఉంటున్నా, ఆయన తల్లి జ్లాత అవ్వ మాత్రం ఈ భవనం వదల్లేదు. వీళ్ళకు రెండంతస్తులు కింద, ఇదే మెట్లదారిలో ఉంటుంది. ఎనభై అయిదేళ్ళది, కళ్ళలో శుక్లాలు. ఆవిడ తలుపుకు కూడా ఆ కాగితం అంటుకుంది.

"అవ్వ తలుపుకి నేను అంటించలేదు," అన్నాడు కాలిన్ ఉన్నట్టుండి, తల్లి ఆలోచన విన్నట్టే.

"తెలుసు. పెంకా అంటించింది. బస్టాపు దగ్గర ఊడిపోయి కనిపించిందట. కన్నతల్లి తలుపుకి లేకపోతే బాగుండదని, జిగురు రాసి మరీ."

"చదవలేదా?"

"కళ్ళజోడు తీసుకెళ్ళలేదట."

పెంకా మాట నోట్లో ఉండగానే పెంకానే వచ్చింది. కింది అంతస్తు మనిషి, తలుపు తట్టే అలవాటు లేదు. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో చిన్న చిన్న కాగితపు గ్లాసులు, గ్లాసుల్లో పంచదార, వాల్‌నట్లు కలిపి ఉడికించిన గోధుమలు. చావుకు పంచేవి.

"పంచదార తక్కువైంది, ఏమనుకోకు."

"పెంకా, ఆయన బతికే ఉన్నాడు. నిన్న మెట్ల మీద నువ్వే చూశావు కదే."

"చూశాను. పాపం, ఎంత చిక్కిపోయాడో." పెంకా రెండు గ్లాసులు బల్ల మీద పెట్టింది. "బతికున్నాడని తెలిసేసరికి గోధుమలు పొయ్యి మీద ఉడుకుతున్నాయి. పారేస్తామా? పైగా పువ్వులు కూడా వచ్చాయి. చావుకి కదా, అన్నీ సరిసంఖ్యలోనే తెచ్చారు, జనానికి పద్ధతి పోలేదు. మీ ఖాళీ సీసాలు నాలుగు తీసుకుని అందులో పెట్టాను."

"పువ్వులు సరే. ఆ కాగితం తీసెయ్యొచ్చు కదా?"

"నేనా?" పెంకా గుండెల మీద చెయ్యి వేసుకుంది. "నాకు మనవలున్నారు తల్లీ."

అంటించిన చావు కాగితాన్ని ఎవరూ చేత్తో పీకరు. వానకు నానాలి, ఎండకు మాడాలి, దానంతట అది రాలాలి. పీకినవాళ్ళ ఇంట్లో మరుసటి చావు జరుగుతుందని భయం. పార్టీ ఉన్న రోజుల్లో కూడా వీధులు శుభ్రం చేసే కామ్రేడ్లు గోడల మీద అన్నీ గీకేవాళ్ళు, అవి తప్ప.

పెంకా వెళ్ళిపోయింది.

"అవ్వ దగ్గరికి వెళ్ళి చెప్పాలి," అన్నాడు కాలిన్ మెల్లగా. "నేనే వేశానని చెప్పాలి."

"గుమ్మం దాటితే నా మీద ఒట్టు."

"అమ్మా."

"అమ్మా లేదు, గిమ్మా లేదు."

అప్పుడు తలుపు మళ్ళీ చప్పుడైంది. ఈసారి తట్టారు. మూడుసార్లు, ఆగి ఆగి. పాత రోజుల్లో అలా తట్టేది మనుషుల్ని తీసుకుపోయేవాళ్ళు. వెలిచ్కా చేతిలోని సీసా మూత పక్కన పెట్టింది.

తెరిచింది. ఎదురుగా గెంచో కరాజోవ్, ఒంటరిగా. లిఫ్టు పనిచేయక మెట్లెక్కినట్టున్నాడు, రొప్పుతున్నాడు. మంచి కోటు. చేతిలో కాగితపు గ్లాసు.

కామ్రేడ్ అనాలో అయ్యగారూ అనాలో వెలిచ్కాకు తోచలేదు. "రండి," అంది.

ఆయన వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. చేతిలో గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకున్నాడు.

"మెట్ల మీద ఎవరో చేతిలో పెట్టారు. ఎవరి కోసమని అడగబోయి ఊరుకున్నాను," అన్నాడు. "దేవుడు క్షమించుగాక అన్నాను. తీసుకున్నవాళ్ళు అనాలి కదా. అలవాటు కొద్దీ అనేశాను."

దోబ్రి చాకు ఆగలేదు.

"నువ్వేనా కాలిన్‌వి? నీకు కలం ఉందోయ్." కరాజోవ్ గొంతు సవరించుకున్నాడు, సభలో మాట్లాడే గొంతు వచ్చింది. "నా కుడిభుజం, మా స్తామోవ్ చదివి వినిపించాడు. ఆత్మను అమ్మేశారన్న దగ్గర నేను నవ్వాను. గట్టిగా నవ్వాను. ఇప్పుడు ప్రజాస్వామ్యం, అందరం నవ్వుకోవచ్చు. ఒకప్పుడైతే..." దోబ్రి వైపు చూసి ఆగాడు. "సరే, ఒకప్పటి సంగతి ఎందుకు."

"మరి తోలు జాకెట్ల వాళ్ళని ఎందుకు పంపారు? వాళ్ళూ నవ్వడానికే వచ్చారా?" అన్నాడు కాలిన్.

"కాలిన్," అంది తల్లి.

"అది స్తామోవ్ చూసుకునే విభాగం. నేను ఒక మాట చెబితే ఆగిపోతారు." కరాజోవ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. సభ గొంతు పోయింది. "నేను దాని గురించి రాలేదు. మా అమ్మ గురించి వచ్చాను. నేను చచ్చిపోయాననుకుంటోంది."

"మీరు వెళ్ళి కనిపిస్తే సరిపోతుంది కదా," అంది వెలిచ్కా.

"కనిపిస్తూనే ఉన్నాను. నాలుగు రోజులుగా వస్తున్నాను. అదే రుజువు అంటోంది. 'బతికున్నప్పుడు ఈస్టరుకి ఒక్కసారి వచ్చేవాడివి. ఇప్పుడు రోజూ వస్తున్నావు. చావకపోతే ఎందుకొస్తావురా' అంటోంది. చచ్చినవాడి ఆత్మ నలభై రోజులు ఇంటి చుట్టూ తిరుగుతుందట. నా కోసం కిటికీలో గ్లాసుతో నీళ్ళు పెట్టింది."

కాలిన్ పెదవులు బిగించాడు. నవ్వు కాదది, ఏమిటో అతనికే తెలియలేదు.

"డాక్టర్ని తెచ్చాను. ఆయన్ని చూసి, 'మీరెప్పుడు పోయారు బాబూ' అని అడిగింది. ఆయన కోపమొచ్చి వెళ్ళిపోయాడు. కాగితం అబద్ధమమ్మా అంటే, అబద్ధమైతే ఎవరో ఒకరు తీసేసేవాళ్ళు కదా అంటోంది. నిన్న ఒక పరీక్ష పెట్టింది. 'నవ్వరా' అంది. చచ్చినవాళ్ళు ఏమైనా చేస్తారు కానీ నవ్వలేరట. 'నవ్వు, నమ్ముతాను' అంది."

"నవ్వారా?" అన్నాడు కాలిన్.

కరాజోవ్ గ్లాసును బల్ల మీద కాస్త పక్కకు జరిపాడు.

"రాలేదు," అన్నాడు.

బాల్కనీలో కాయ ఒకటి పగిలింది. వెలిచ్కా లేచి పొయ్యి ఆపింది. అయ్యో అనిపించింది ఆమెకు, ఆ అయ్యో మీద ఆమెకే కోపం వచ్చింది. ఈ మనిషి కనికరం కోరి వచ్చాడంటే వెనకాల ఇంకేదో ఉండి తీరుతుంది.

ఉంది.

"చచ్చినవాడి దగ్గర దాపరికం ఎందుకని అన్నీ అడుగుతోంది," అన్నాడు కరాజోవ్ బల్ల వైపు చూస్తూ. "ఎనభై అయిదేళ్ళలో ఒక్క మాట అడగని మనిషి. కొండ మీది ఇంటికి ఇటుకలు ఎక్కడివి, కొత్త ఆసుపత్రి గోడ నడుమెత్తులో ఎందుకు ఆగింది. పైన దేవుడు అడుగుతాడ్రా, ఇక్కడే చెప్పేసి పో అంటోంది. దోబ్రిని ద్వీపానికి ఎందుకు పంపావు అంటోంది. ఏమన్నాడని పంపావు అంటోంది."

"ఏం చెప్పారు?" అన్నాడు కాలిన్.

"నాకు గుర్తు లేదు."

కరాజోవ్ పక్కకు తిరిగాడు.

"దోబ్రీ, నిజంగా గుర్తు లేదు. ఆ జోకేమిటి? నువ్వేమన్నావు?"

చాకు ఆగింది. దోబ్రి వేళ్ళకంటిన గింజలు ఒక్కొక్కటే గిన్నె అంచుకు రాశాడు.

"నేనేమీ అనలేదు, గెంచో," అన్నాడు. ఆ పేరు ఆయన నోట వెలిచ్కా ఎప్పుడూ వినలేదు. "బీటుదుంపల పొలంలో, మధ్యాహ్నం రొట్టె తినేటప్పుడు. జోకు చెప్పింది నువ్వు. నేను నవ్వాను."

"నేనా?"

"నువ్వే. అందరూ నీ మొహం చూసి తలలు దించుకున్నారు. నాకు అంత తెలివి లేదు. సాయంత్రం జిల్లా నుంచి ఒకాయన వచ్చి, ఎవరు నవ్వింది అని అడిగాడు. జోకు ఎవరు చెప్పారని అడగలేదు. నువ్వు వేలెత్తి నన్ను చూపించావు."

కరాజోవ్ మొహంలో అబద్ధం లేదు. నిజంగానే మర్చిపోయాడు. వెలిచ్కాకు దానికే ఎక్కువ భయం వేసింది.

"ఆ జోకేమిటి నాన్నా?" అన్నాడు కాలిన్.

"గుర్తు లేదురా. మంచి జోకు కాదు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు, దేనికైనా నవ్వేవాణ్ణి."

వెలిచ్కా కుర్చీ వెతుక్కుని కూర్చుంది. ఆ జోకు ఆమె మనసులో ఇన్నేళ్ళుగా పెరిగి పెద్దదైంది. ఎంత ఘోరమైన మాటో, ఎంత పెద్దవాళ్ళ మీదో అని ఊహించుకుని, ఆ నాలుక కొడుక్కి ఎక్కడ వస్తుందోనని వాడి చిన్నప్పటి నుంచీ నోరు జాగ్రత్త, నోరు జాగ్రత్త అని చెవిలో పోసింది. నోటి తప్పేమీ లేదు. ఒక కుర్రాడు రొట్టె తింటూ నవ్వాడు, అంతే. ఇక దేన్ని జాగ్రత్తగా ఉంచుకోమని చెప్పాలి పిల్లలకి?

మళ్ళీ మాట అందుకున్నది కరాజోవే. అలవాటైనవాడు.

"నేను అడిగేది చిన్నది. అచ్చు వేసినవాడే తన చేత్తో ఆ కాగితం తియ్యాలి. మా అమ్మ ముందు నిలబడి, ఇది అబద్ధం అవ్వా అనాలి. ఇవాళే. తీసిన వెంటనే ఆ ఇద్దరికీ మాట చెబుతాను. నీ కొడుకు జోలికి ఎవరూ రారు, చెల్లెమ్మా."

"మీరే తీసుకోవచ్చు కదా," అన్నాడు కాలిన్. "దేవుడు లేడు, దయ్యం లేదు. బడిలో మీరే వచ్చి చెప్పారు మాకు. మెడకు పార్టీ ఎర్ర రుమాలు కట్టుకుని చప్పట్లు కొట్టాను నేను."

కరాజోవ్ తన చేతుల వైపు చూసుకున్నాడు. "నాది నేనే పీకితే..." అని ఆగిపోయాడు.

"అవ్వ దగ్గరికి వస్తాను," అన్నాడు కాలిన్. "క్షమించమని అడుగుతాను. ఆవిడ తలుపుకి అది ఉండకూడదు, ఒప్పుకుంటాను. కానీ అబద్ధం అని మాత్రం అనను. చావు తప్ప అందులో ఒక్క ముక్క అబద్ధం చూపించండి."

"ఒరే, చావు ఒక్కటీ చాలదా అబద్ధమనడానికి?" అంది వెలిచ్కా. "అనెయ్యరా. నోటితో అనెయ్యి. ఈ దేశంలో అనని అబద్ధం ఏముంది కొత్తగా? మేమంతా అనే బతికాం."

"అందుకేనమ్మా."

"నాకు నీ అందుకే అక్కర్లేదు. నాకు నీ చేతులు కావాలి, పది వేళ్ళతో."

కాలిన్ తండ్రి వైపు చూశాడు. దోబ్రి మళ్ళీ కాయ చేతిలోకి తీసుకున్నాడు.

"తియ్యకండి," అన్నాడు తల దించుకునే. "ముసలామెను అడగనివ్వండి. ఆ ఇంట్లో ఒకరు నోరు తెరవడానికి ఇన్నేళ్ళు పట్టింది."

మొగుడూ కొడుకూ ఒకటైపోయారు. తన మాట ఈ ఇంట్లో ఎప్పుడు నెగ్గింది కనక. వెలిచ్కా లేచింది. సింకు దగ్గర గుడ్డ తడిపింది, సీసాల జిగురు గీకే చాకు తీసుకుంది.

"అయితే నేను తీస్తాను."

"వేసింది నువ్వు కాదుగా అమ్మా."

"వేసినవాణ్ణి కన్నాను. అది చాలు."

"పీకినవాళ్ళ ఇంట్లో..." అనబోయాడు కాలిన్. నమ్మకం లేనివాడే, అయినా ఆ మాట వాడి నోటికే వచ్చింది.

"ఇంట్లో కాదు. నా చేత్తో తీస్తే నా మీదికే వస్తుంది. రానీ," అంది. ఆ లెక్క అలాగే పనిచేస్తుందో లేదో ఆమెకు తెలియదు. మెట్లు దిగుతూ మనసులో దేవుడికి అదే చెప్పుకుంది. నా మీదికే, గుర్తుంచుకో, వాడి మీదికి కాదు.

వెనకాల కరాజోవ్ దిగుతున్నాడు. ఆయన రొప్పు వినిపిస్తోంది.

అవ్వ గుమ్మం ముందు తన సీసాలే కనిపించాయి, చామంతులతో. ఒక్కో దాంట్లో రెండో నాలుగో. బతికున్నవాళ్ళకైతే బేసి. వెలిచ్కా సీసాలు పక్కకు జరిపి తలెత్తింది. చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

తలుపు మీద కాగితాలు రెండున్నాయి.

కాలిన్ వేసింది పక్కకు ఒరిగి ఉంది. దాని పక్కన కొత్తది, ఇంకా జిగురు ఆరలేదు. మెరిసే కాగితం, రంగుల ఫొటో. ఇల్లు ఒకటి, పనిచేసిన చోటువాళ్ళు ఒకటి, ఇలా ఎవరికి వారు వేరుగా అంటించడం ఆ ఊళ్ళో మామూలే. తన కొడుకే ఇంకొకటి కూడా వేశాడు అనుకుంది ముందు. తర్వాత చదివింది. పేరు దగ్గర ఆగకుండా, మొదటి నుంచి చివరి దాకా. చదివేకొద్దీ తెలిసిపోయింది, ఇది తన కొడుకు వేసింది కాదు. ఇందులో నవ్వొచ్చే మాట ఒక్కటి లేదు.

'తీవ్ర విచారంతో. మా మార్గదర్శి, జీవితాంతం ప్రజలకే అంకితమైన గెంచో కరాజోవ్ లేని లోటు పూడ్చలేనిది. వారి ఆశయాలను ముందుకు తీసుకువెళ్ళే బాధ్యతను సహచరులంతా ఏకగ్రీవంగా పావ్లిన్ స్తామోవ్ గారికి అప్పగించడమైనది. మేయరు ఎన్నికలలో మీ ఓటు వారికే వేసి దివంగత నాయకునికి నివాళి అర్పించండి.'

కరాజోవ్ ఆమె భుజం మీదుగా చదువుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి, కొత్తగా అక్షరాలు నేర్చినవాడిలా.

"ఇది మావాడిది కాదు," అంది వెలిచ్కా.

"తెలుసు. ఇది మా భాష."

"మీరు బతికున్నారని ఆ స్తామోవ్‌కి తెలియదా?"

"పొద్దున నాతో కాఫీ తాగాడు." కరాజోవ్ గోడకు చెయ్యి ఆనించాడు. "ఇవాళ మంచి రంగులో ఉన్నారు అన్నాడు."

వెలిచ్కాకు ఒక్కటే ఆలోచన. "ఆ ఇద్దరికీ మాట చెబుతానన్నారు. తోలు జాకెట్ల వాళ్ళకి. చెబితే వింటారు కదా?"

ఆయన ఆమె వైపు చూడలేదు. "వాళ్ళకి జీతం ఇచ్చేది స్తామోవ్," అన్నాడు.

అంటే ఇంతసేపూ చేతిలో ఏమీ లేని మనిషితో బేరమాడింది. వెలిచ్కా మెట్టు మీద కూర్చోబోయింది. అప్పుడు పైనుంచి చెప్పుల చప్పుడు వినిపించింది. దోబ్రి. చేతిలో చాకు ఇంకా అలాగే ఉంది, ఎర్రటి గుజ్జుతో. ఒక్కొక్క మెట్టే దిగి వచ్చి, ఇద్దరి మధ్య నుంచి మెడ చాచి, కళ్ళు చికిలించి రెండో కాగితం చదివాడు.

మొదట దగ్గు అనుకుంది వెలిచ్కా. ఛాతీలోంచి గీరుకుంటూ వచ్చింది. ఆగింది. మళ్ళీ వచ్చింది. దోబ్రి గోడ పట్టుకుని, తల వెనక్కి వేసి నవ్వుతున్నాడు. తుప్పుపట్టిన గేటు తీసినట్టు ఉంది ఆ నవ్వు. మెట్లదారంతా మోగింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా ఆగడంలేదు. కరాజోవ్ ఒక అడుగు వెనక్కి వేశాడు, సీసా ఒకటి దొర్లింది.

"ఊరుకోండి," అంది వెలిచ్కా దోబ్రి చెయ్యి పట్టుకుని. "ఎవరైనా వింటారు. మీకు దణ్ణం పెడతాను, ఊరుకోండి."

తలుపు అవతల కర్ర టకటకమంది. జ్లాత అవ్వ గొంతు దగ్గరగా వినిపించింది.

"ఎవరు నవ్వింది?"

దోబ్రి నవ్వు అక్కడికక్కడ తెగిపోయింది. ఆ ప్రశ్న ఆయన ఇంతకు ముందు విన్నదే.

"వెలిచ్కా, నువ్వేనా అక్కడ? నీ మాట వినిపించింది. మగ గొంతు నవ్వింది. ఎవరమ్మా? మా గెంచోనా? చెప్పు తల్లీ. వాడే నవ్వి ఉంటే చావలేదన్నమాటే. ఇక వాణ్ణి ఏమీ అడగను."

కరాజోవ్ వెలిచ్కా మణికట్టు పట్టుకున్నాడు. ఆయన వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"నాదని చెప్పు," అన్నాడు గుసగుసగా. "నేనే నవ్వానని చెప్పు, చెల్లెమ్మా. బతికున్నానని తెలిస్తే స్తామోవ్ సంగతి నేను చూసుకుంటాను. నీ కొడుకు సంగతి కూడా."

రెండో పక్కన దోబ్రి తడి కళ్ళతో ఆమె వంకే చూస్తున్నాడు. ఆ నవ్వు కోసం ఆయన ఒకసారి రెండేళ్ళు ఇచ్చాడు.

గుడ్డలోంచి నీళ్ళు కారి చామంతుల మీద పడుతున్నాయి. లోపల తలుపు గొలుసు తీస్తున్న చప్పుడయింది.

"ఎవరమ్మా?" అంది అవ్వ.